సంతకంతో బతికే వర్గం: వృత్తి నిపుణులు, అధికారులు, మేనేజర్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాంకులో గుమాస్తాగా చేరి, ఆఫీసరునై, మేనేజరునై, ముప్పై రెండేళ్ల తరువాత రిటైరయ్యాను. ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు సమాజశాస్త్రం చెబుతున్నాను. వర్గం, కులం అనే పాఠం మొదలవగానే వాళ్లు నోట్సు రాయడం ఆపేసి సొంత ఇంటి గురించి అడుగుతారు. "మా నాన్న అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ), మాది ఏ వర్గం సార్?" "మా అమ్మ స్టాఫ్ నర్సు, ఆవిడ కార్మికురాలా కాదా?" క్లాసులో గంట సమయంలో చెప్పగలిగినవీ, చెప్పలేక మిగిలిపోయినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఇంతకీ ఈ వర్గంలో ఎవరెవరున్నారు?

డాక్టర్లు, లాయర్లు, ఆడిటర్లు, ఇంజినీర్లు, లెక్చరర్లు, బ్యాంకు మేనేజర్లు, గెజిటెడ్ అధికారులు, కంపెనీల్లో మనుషుల్ని చేర్చుకునేవాళ్లు, తీసేసేవాళ్లు, సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు నడిపించేవాళ్లు. వీళ్లలో చాలామందికి ఫ్యాక్టరీ లేదు. ఊళ్లో పొలం ఉన్నా దాని మీద బతకడం లేదు. ఒక పట్టా, ఆ పట్టా వల్ల వచ్చిన ఒక అధికారం, వీళ్ల జీవనాధారం.

నేను పిల్లలకు చెప్పే గుర్తు ఒక్కటే: సంతకం. ఏఈ ఎం-బుక్‌లో, అంటే పని కొలతల పుస్తకంలో, కొలతలు ఎక్కించి సంతకం చేయనిదే కాంట్రాక్టరుకు బిల్లు రాదు. బ్యాంకు మేనేజరు సంతకం లేనిదే రైతుకు పంట రుణం లేదు. డాక్టరు చీటీ మీద సంతకం లేనిదే కొన్ని మందులు షాపువాడు ఇవ్వకూడదు. ఆడిటరు చేసే ధ్రువీకరణలకు 2019 నుంచి విడిగా ఒక గుర్తింపు సంఖ్య కూడా ఉండాలి. ఆ సంతకం చేసేవాడికి ఆ రోడ్డు, ఆ డబ్బు, ఆ మందు, ఆ కంపెనీ సొంతం కాదు. అయినా ఆయన చెయ్యి కదలందే ఏదీ కదలదు.

మా చిన్నతనంలో ఏ దరఖాస్తుకైనా మార్కుల జాబితా నకళ్ల మీద గెజిటెడ్ అధికారి ఆకుపచ్చ సిరాతో సంతకం చేయాలి. మా వీధిలో ఒక కాలేజీ ప్రిన్సిపాల్ గారు ఉండేవారు. ఆదివారం పొద్దున్నే ఆయన అరుగు మీద పది మందిమి కూర్చునేవాళ్లం. లోపల ఆయన టిఫిను చేస్తున్న చప్పుడు, పళ్లెంలో గరిటె తగిలిన చప్పుడు వినబడేవి. ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. ఆయన చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, కాగితాలు చూడకుండానే సంతకాలు చేసి రబ్బరు స్టాంపు వేసేవారు. మంచి మనిషి, ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. కానీ మా అసలు మార్కుల జాబితా మా చేతిలోనే ఉండగా, అది నిజమేనని చెప్పే హక్కు మాకు లేదు, ఆయనకే ఉంది. వర్గం అంటే ఏమిటో నాకు మొదట అర్థమైంది ఆ అరుగు మీదే.

ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది?

కార్ల్ మార్క్స్ పెట్టుబడిదారుణ్ణీ, కార్మికుణ్ణీ, మధ్యలో చిన్న దుకాణదారుణ్ణీ చూశాడు. ఇరవయ్యో శతాబ్దంలో జీతం తీసుకుంటూ ఇంకొకరి పనిని నడిపించే చదువుకున్న మనుషులు విపరీతంగా పెరిగారు. వాళ్లను ఎక్కడ పెట్టాలన్నది పెద్ద చిక్కు. 1941లో జేమ్స్ బర్న్‌హామ్ అనే అమెరికా రచయిత ఇక మీద యజమానులు కాదు, మేనేజర్లే ప్రపంచాన్ని ఏలతారని రాశాడు. అంత దూరం వ్యవహారం పోలేదు.

1977లో అమెరికాలో బార్బరా ఎహ్రెన్‌రైక్, జాన్ ఎహ్రెన్‌రైక్ అనే ఇద్దరు ఒక పత్రికలో రాసిన వ్యాసాల్లో దీనికి 'ప్రొఫెషనల్-మేనేజీరియల్ క్లాస్' అని పేరు పెట్టారు. మన భాషలో వృత్తి నిపుణుల, నిర్వాహకుల వర్గం అనుకోవచ్చు. వాళ్లు చెప్పినదాని సారాంశం ఇది: ఈ మనుషులకు ఫ్యాక్టరీ, భూమి, యంత్రాల వంటి ఉత్పత్తి సాధనాలు లేవు, బుర్రతో పనిచేసి జీతం తీసుకుంటారు, పెట్టుబడి సమాజం రోజూ సజావుగా సాగేలా దాని అలవాట్లనూ సంబంధాలనూ నిలబెట్టడం వీళ్ల ముఖ్యమైన పని. టీచర్లు, నర్సులు, సంక్షేమ అధికారులు కూడా వాళ్ల లెక్కలో ఉన్నారు.

మన దేశం గురించి మాట్లాడేటప్పుడు నేను ఆర్థికవేత్త ప్రణబ్ బర్ధన్‌ను చెబుతాను. 1984లో ఆయన భారతదేశంలో పెత్తనం చేసే ఆస్తిపర వర్గాలు మూడు అన్నారు: పారిశ్రామికవేత్తలు, పెద్ద రైతులు, ప్రభుత్వ రంగంలోని చదువుకున్న ఉద్యోగులు. మూడోవాళ్లకు ఆస్తి ఏమిటి? చదువూ, నైపుణ్యమూ, పదవీ. ఈ మూడు వర్గాలూ ఒకే ఇంట్లో, ఒకే పంక్తిలో కూర్చుని భోజనం చేసే దృశ్యం చూడాలంటే కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఏ పెళ్లికైనా వెళితే చాలు. పెద్దన్న ఊళ్లో వ్యవసాయం, రెండోవాడు ఫ్యాక్టరీ, మూడోవాడు డాక్టరు.

మధ్యతరగతి అంటే సరిపోదా?

సరిపోదు. మధ్యతరగతి అనేది ఆదాయం గురించిన మాట, అందులో అందరూ దూరిపోతారు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి ఒక సీజనులో సంపాదించేది చాలామంది లెక్చరర్లు ఏడాదంతా చూడరు. విజయవాడ ఆటోనగర్‌లో లేతు మిషన్లు పెట్టుకున్నాయన పది మందికి పని ఇస్తాడు. కానీ ఆ వ్యాపారి కొడుక్కి తండ్రి దుకాణం వస్తుంది, లేతు యజమాని కొడుక్కి మిషన్లు వస్తాయి. లెక్చరరు కొడుక్కి తండ్రి పీహెచ్‌డీ రాదు. ఈ ఒక్క తేడాలోనే ఈ వర్గం స్వభావం చాలా భాగం ఉంది. పిల్లల చదువుల గురించిన ప్రశ్న దగ్గర మళ్లీ దీనికి వస్తాను.

ప్రొఫెషనల్, మేనేజరు ఒకటేనా?

మన ప్రభుత్వం వాడే 2015 జాతీయ వృత్తుల వర్గీకరణలో మేనేజర్లు మొదటి విభాగం, ప్రొఫెషనల్స్ రెండో విభాగం. కాగితం మీద వేరు. జీవితంలో మాత్రం యాభై ఏళ్లు దాటిన మంచి డాక్టరు ఆసుపత్రి నడుపుతూ ఉంటాడు, మంచి ఇంజినీరు ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) అయి ఫైళ్లు చూస్తూ ఉంటాడు. పని బాగా వచ్చినవాణ్ణి ఆ పని నుంచి తప్పించి మనుషుల మీద కూర్చోబెట్టడాన్నే మనం ఎదుగుదల అంటున్నాం.

మేం యజమానుల వైపా, కార్మికుల వైపా? చట్టం ఏమంటుంది?

చట్టం గీత గీసింది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 'వర్క్‌మన్', అంటే కార్మికుడు, ఎవరన్న నిర్వచనం ఉండేది. ప్రధానంగా మేనేజరు పనో, పాలనా పనో చేసేవారు అందులోకి రారు. సూపర్‌వైజరు జీతం ఒక పరిమితి దాటితే ఆయనా రాడు. ఆ పరిమితి చాలాకాలం నెలకు 1,600 రూపాయలు. 2010లో 10 వేలు చేశారు. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో 18 వేలు. గీతకు అవతల పడితే ఉద్యోగం పోయినప్పుడు కార్మికుడికి ఉన్న రక్షణ ఉండదు. టీచర్లు వర్క్‌మెన్ కారని సుప్రీంకోర్టు 1988లో చెప్పింది. మెడికల్ రెప్రజెంటేటివ్‌లు కారని 1994లో చెప్పింది. వాళ్లకు 1976లోనే వేరే చట్టం చేయాల్సి వచ్చింది. ఎండలో గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల చుట్టూ బ్యాగు మోసుకుని తిరిగే కుర్రాడు కార్మికుడు కాడని అంటే వాడి బూట్లు ఒప్పుకోవు.

ఆ గీత దాటిన రోజు నాకు బాగా గుర్తుంది. గుమాస్తాగా ఉన్నంత కాలం నేను యూనియన్ మనిషిని. మా శాఖలో నాకన్నా పదేళ్లు పెద్దవాడైన అటెండరు ఒకాయన ఉండేవాడు. నేను ఆయన్ను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను "ఏం తమ్ముడూ" అని పలకరించేవాడు. మధ్యాహ్నం మూడు గంటలకు ఒక టీ తెప్పించుకుని రెండు గ్లాసుల్లో చెరిసగం పోసుకుని, రికార్డు గదిలో నిలబడి తాగేవాళ్లం. ఆఫీసరు ప్రమోషన్ ఉత్తర్వు వచ్చిన రోజు మూడింటికి ఆయన రికార్డు గది వైపు వెళ్లలేదు. సాసరు మీద కప్పు పెట్టి, నిండుగా టీ పోసి తెచ్చి నా బల్ల మీద పెట్టి, "తీసుకోండి సార్" అని రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. "ఇదేమిటన్నా" అన్నాను. "ఇకనుంచి ఇంతే సార్, బాగుండదు" అన్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు, అసూయ లేదు. నియమం తెలిసినవాడి నిశ్చింత ఉంది. నేను కాదనలేదు, ఆ టీ తాగాను. ఆ నెల నుంచి నా పని గంటలకు లెక్క పోయింది, ఓవర్‌టైమ్ పోయింది, ఆయనతో చనువూ పోయింది. జీతం పెరిగింది కొద్దిగానే.

కాబట్టి నా జవాబు: జీతం రోజున మేం కార్మికులం, మిగిలిన రోజుల్లో యజమాని తరఫు మనుషులం. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం వల్లనే ఈ వర్గం ఎప్పుడు ఎటు మొగ్గుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు.

విజయవాడ, గుంటూరుల్లో ఈ వర్గం ఇంత బలంగా ఎలా ఏర్పడింది?

నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న ఇది. జవాబు నీళ్లతో మొదలవుతుంది.

1855 నాటికి విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలువలు పారాయి. వరి పండింది, అమ్మకానికి మిగిలింది. ఆ ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ, పైన 1967లో నాగార్జునసాగర్. పంట మిగులు ఉన్న కుటుంబం ముందు భూమి కొంటుంది. భూమి ఖరీదై, పరిమితి చట్టాలు వచ్చి, కొడుకుల మధ్య ముక్కలవుతుంటే ఆ డబ్బు చదువు వైపు తిరుగుతుంది. ఎకరం అమ్మి కొడుకును డాక్టరు చదివించిన తండ్రులు ఈ రెండు జిల్లాల్లో ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. మనవాళ్లు చదువును పెట్టుబడి అనడం అలంకారం కాదు. అక్షరాలా పొలాన్ని పట్టాగా మార్చుకున్నారు.

చదువుకోవడానికి చోట్లు దగ్గరలోనే వచ్చాయి. గుంటూరులో ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885లో మొదలైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది బెజవాడలోనే, తరువాతే వాల్తేరుకు వెళ్లింది. గుంటూరు వైద్య కళాశాల 1946. నాగార్జున విశ్వవిద్యాలయం 1976. కానూరులో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజినీరింగ్ కళాశాల 1977లో ప్రైవేటు రంగంలో వచ్చింది. 1986లో ఎంసెట్ వచ్చాక పరీక్షకు తయారు చేయడమే ఒక పరిశ్రమ అయింది, ఆ పరిశ్రమకు రాజధాని విజయవాడ.

ఇంకో పాయ కూడా ఉంది, దాన్ని మరిచిపోతే అన్యాయం. అమెరికా లూథరన్ మిషన్ 1842లో గుంటూరు వచ్చింది. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి, స్త్రీల కోసం కట్టించిన ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. పొలం లేని, గుడిలోకి రానివ్వని కుటుంబాల నుంచి మొదటి తరం టీచర్లు, నర్సులు ఆ బడుల నుంచీ ఆ ఆసుపత్రుల నుంచీ వచ్చారు. అమ్మడానికి ఎకరం లేనివాళ్లకు చదువే మొదటి ఎకరం.

వీధులు చూసినా ఈ వర్గం చరిత్ర తెలుస్తుంది. విజయవాడ సూర్యారావుపేటలో అడుగడుగునా ఆసుపత్రి, గుంటూరు అరండల్‌పేటలో బోర్డుల మీద పేర్ల వెనక బారెడు డిగ్రీలు. 2016లో సచివాలయం హైదరాబాద్ నుంచి వెలగపూడికి వచ్చినప్పుడు ఉద్యోగుల కుటుంబాలు చాలావరకు అక్కడే ఉండిపోయాయి, భార్యాభర్తల్లో ఒకరు ఇక్కడా ఒకరు అక్కడా. పిల్లల బడి మార్చడం కన్నా కాపురం రెండుగా నడపడమే తేలిక అనిపించింది వాళ్లకు. ఈ వర్గం దేనికి ఎక్కువ విలువ ఇస్తుందో అంతకన్నా స్పష్టంగా చెప్పలేను.

చివరికి ఇదంతా కులమే కదా సార్?

చాలా భాగం కులమే. దాచడం ఎందుకు? మద్రాసు రాష్ట్రంలో ఇంగ్లీషు చదువూ సర్కారు ఉద్యోగాలూ మొదట అందుకున్నది బ్రాహ్మణ కుటుంబాలు. 1921లో జస్టిస్ పార్టీ ప్రభుత్వం, ఉద్యోగాల్లో మిగిలిన కులాలకూ చోటు దక్కేలా, కమ్యూనల్ జీవో తెచ్చింది ఆ ఏకపక్షాన్ని మార్చడానికే. తరువాత భూమి ఉన్న కులాలు వచ్చాయి. ఆ తరువాత రిజర్వేషన్లతో దళిత, వెనకబడిన కులాల పిల్లలు. ఒక్కో తరం ఒక్కో తలుపు తెరుచుకుని వచ్చింది, తెరిచిన ప్రతివాళ్లూ వెనకవాళ్లను ఒకసారి అనుమానంగా చూశారు.

అయినా మొత్తం కులమే అంటే కొంత తప్పిపోతుంది. ఒకే కులంలో ఆడిటరూ ఉన్నాడు, ఆయన ఆఫీసులో కాగితాలు కుట్టే కుర్రాడూ ఉన్నాడు. బీసీల్లో పైకి వచ్చిన కుటుంబాలను రిజర్వేషన్ నుంచి తప్పించే క్రీమీ లేయర్ నిబంధన ఈ తేడాను గుర్తించింది. 1993 సెప్టెంబరు 8 నాటి కేంద్ర ఉత్తర్వులో 'ప్రొఫెషనల్ క్లాస్' అన్న మాటే ఉంది. డాక్టర్లు, లాయర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు, ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు అని పేర్లు చెప్పి మరీ ఆదాయ పరీక్ష పెట్టారు. అప్పట్లో పరిమితి ఏడాదికి లక్ష, 2017 నుంచి 8 లక్షలు. నేరుగా గ్రూప్-ఎ ఉద్యోగంలో చేరినవారి పిల్లలకైతే ఆదాయంతో పనిలేకుండానే రిజర్వేషన్ వర్తించదు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. దళిత అధికారి సంతకానికి అందరి సంతకంతో సమానమైన విలువ ఆఫీసులో ఉంది. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు లేదు. నాతో పనిచేసిన ఆఫీసరు ఒకాయన బదిలీ మీద వచ్చి నెలన్నర లాడ్జిలో ఉన్నాడు. ఆయన జీతం, హోదా తెలిసిన ఇంటివాళ్లే ఇంటిపేరు విన్నాక "మా అబ్బాయి వస్తున్నాడండీ, మాకే కావాలి" అన్నారు. వర్గం మారినంత తేలికగా కులం మారదని చెప్పడానికి నాకు వేరే పుస్తకం అక్కర్లేదు.

నేను కష్టపడి చదివి వచ్చాను. నా ప్రతిభకు నేను సిగ్గుపడాలా?

వద్దు. కష్టం నిజం, నిద్ర మానుకున్న రాత్రులు నిజం. కానీ పక్కన ఇంకో లెక్క వేసుకోవాలి. నేను చదివిన కాలేజీ ఫీజు నెలకు ఒక సినిమా టికెట్టుకు సరిపోయేది కాదు. మిగిలినదంతా ఎవరు కట్టారు? సబ్బు మీద, కిరోసిను మీద పన్ను కట్టినవాళ్లు. ప్రతిభ, పాలన కలిపి 'మెరిటోక్రసీ' అనే మాటను జనంలోకి తెచ్చిన బ్రిటిష్ సమాజశాస్త్రవేత్త మైకేల్ యంగ్ 1958లో దాన్ని హెచ్చరికగా రాశాడు: పైకి వచ్చినవాళ్లు అంతా తమ అర్హతే అనుకుంటారు, కింద మిగిలినవాళ్లకు ఓడిపోయామన్న అవమానం తప్ప ఏమీ మిగలదు అని. మనం హెచ్చరికను వదిలేసి మాటను మాత్రం తీసుకున్నాం.

ప్రతిభ కొనుక్కునే వస్తువుగా ఎప్పుడు మారిందో కూడా చూడండి. సీటు ఇవ్వడానికి కాలేజీలు అదనంగా గుంజే క్యాపిటేషన్ ఫీజును మన రాష్ట్రం 1983లోనే చట్టం చేసి నిషేధించింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో, అందులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే, సుప్రీంకోర్టు ఫ్రీ సీటు, పేమెంటు సీటు అని విడగొట్టింది. 2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పద్ధతిని తీసేసింది. ఆ ఇరవై ఏళ్లలో కోర్టులు మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్న ఒకటే: సీటు ధర ఎంత, ఎవరు కట్టాలి?

పిల్లల చదువంటే మా ఇళ్లలో ఇంత భయం ఎందుకు?

భయం అన్నారు, సరైన మాట. బార్బరా ఎహ్రెన్‌రైక్ 1989లో దీని మీదే రాసింది, జారిపడతామన్న భయం అని. ముందు చెప్పినట్టు పట్టా వారసత్వంగా రాదు. ఫ్లాటు రాసివ్వవచ్చు, బంగారం ఇవ్వవచ్చు, డాక్టరు అనే మాటను కొడుకు పేరు ముందు పెట్టలేం. ప్రతి తరం మొదటి మెట్టు నుంచి మళ్లీ ఎక్కాలి. వ్యాపారి కొడుకు ఇంటరు తప్పితే దుకాణంలో కూర్చుంటాడు. లెక్చరరు కొడుకు ఇంటరు తప్పితే ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు.

మా అబ్బాయిని విజయవాడ శివారులో ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో చేర్చాం. నెలకొక ఆదివారం చూడనిచ్చేవారు. గేటు ముందు వేపచెట్టు కింద కార్లు, ఆటోలు, స్కూటర్లు. తల్లులు చీర కొంగుతో క్యారియరు మూత పట్టుకుని తీసేవాళ్లు, పులిహోర, చికెన్ వేపుడు, పెరుగన్నం. పిల్లలు మాట్లాడకుండా గబగబా తినేవాళ్లు. తండ్రులం కొంచెం దూరంగా నిలబడి గోడ మీద అతికించిన వారపు పరీక్ష మార్కులు చూసేవాళ్లం. ముందు మార్కులు చూసి తరువాత పిల్లవాణ్ణి చూసిన తండ్రుల్లో నేనూ ఉన్నాను. రెండో ఏడాది సంక్రాంతి ముందు, అన్నం కలుపుతూ వాడు తలెత్తకుండా అడిగాడు: "నాన్నా, నాకు ర్యాంకు రాకపోతే మనం ఏమవుతాం?"

నేనేమవుతాను అనలేదు. మనం ఏమవుతాం అన్నాడు. పదిహేడేళ్ల పిల్లవాడు ఇంటి హోదా మొత్తం తన భుజం మీద పెట్టుకుని సైన్, కాస్ లెక్కలు చేస్తున్నాడు. ఆ సాయంత్రమే వాణ్ణి ఇంటికి తెచ్చేశాను. వాడు మామూలు డిగ్రీ చదివి ఇప్పుడు వాడికి నచ్చిన పని చేసుకుంటున్నాడు. బంధువుల్లో కొందరు ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతారు.

ఈ పిల్లల్లో కొందరు ఇంటికి రారు. పరీక్ష ఫలితాల వారంలో పేపరు తెరవాలంటే నాకు చేతులు వణుకుతాయి. ఏ వర్గమైనా తన స్థానం నిలబెట్టుకోవడానికి ఏదో ఒకటి ఖర్చు పెడుతుంది. మేం పిల్లల బాల్యాన్ని ఖర్చు పెడుతున్నాం. దీన్ని సమాజశాస్త్ర పదాలతో మెత్తబరిచి చెప్పడం నాకు ఇష్టం లేదు.

నర్సులు, టీచర్లు ఈ వర్గమేనా?

చదువు రీత్యా అవును, అధికారం రీత్యా ఒక్కో చోట ఒక్కో రకం. ప్రభుత్వాసుపత్రి హెడ్ నర్సుకు జీతం, పెన్షను, మాట చెల్లుబాటు ఉన్నాయి. అదే నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చదివి చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే అమ్మాయికి నెల జీతం వాళ్ల నాన్న కట్టిన ఫీజు వాయిదాకు సరిపోదు. రోగి మందు మోతాదు తప్పుగా ఉందని ఆమె కనిపెట్టినా, డాక్టరుకు చెప్పాలంటే నాలుగుసార్లు ఆలోచించుకోవాలి. ప్రైవేటు కాలేజీల్లో లెక్చరర్ల సంగతీ ఇంతే, ఏప్రిల్ వస్తే అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగాలి. పట్టా ఉంది, సంతకం లేదు. ఈ వర్గం కింది అంచు చిరుగుతున్నదని ఎహ్రెన్‌రైక్‌లిద్దరూ 2013లో మళ్లీ రాసినప్పుడు చెప్పారు. మన ఊళ్లో ఆ చిరుగు ముందు ఆడవాళ్ల ఉద్యోగాల్లో కనిపిస్తోంది.

జీతం చీటీలో వృత్తి పన్ను 200 రూపాయలు కోస్తున్నారు. అంటే నేను ప్రొఫెషనల్‌నేనా?

కాదు. నెలకు 20 వేలు దాటిన జీతగాడికి ఎవరికైనా మన రాష్ట్రంలో ఆ కోత ఉంటుంది. రాజ్యాంగం 276వ అధికరణం ఏడాదికి 2,500 మించకూడదంది.

డాక్టర్ల మీద, అధికారుల మీద జనానికి ఎందుకింత కోపం?

నమ్మకం ఎంత పెద్దదైతే కోపం అంత పెద్దది. వృత్తి అన్నమాటకు ఒకప్పుడు అర్థం: నాకు తెలిసింది నీకు తెలియదు, కాబట్టి నీ మేలు నేను చూస్తాను అనే హామీ. ఆ హామీ మీదనే తమ లోపాలను తామే విచారించుకునే హక్కు ఈ వృత్తులకు చట్టాలు ఇచ్చాయి. ఆడిటర్లకు 1949 చట్టం, లాయర్లకు 1961 చట్టం. ఆసుపత్రి బిల్లు చూసుకున్న మనిషికి అక్కడ కనబడింది హామీ కాదు, వ్యాపారం. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. లాయర్లు రారని 2024లో చెప్పింది. ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి అడిగితే నా విద్యార్థులకు జవాబు దొరకలేదు, నాకూ పూర్తిగా తృప్తికరమైనది దొరకలేదు.

కానీ డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరు మీద చెయ్యి చేసుకోవడం న్యాయం కాదు. ముప్పై ఆరు గంటలుగా నిద్రలేని ఆ పిల్లకు ఆసుపత్రి బిల్లులో వాటా లేదు. కోపం వెళ్లాల్సిన గదికి వెళ్లదు, ఎదురుగా ఉన్న మనిషి మీద పడుతుంది.

వచ్చే నెల మేనేజరుగా చేరుతున్నాను. ఏమైనా చెబుతారా?

ఒక్కటే చెబుతాను, నేను ఆలస్యంగా నేర్చుకున్నది.

విజయవాడలో ప్రాంతీయ కార్యాలయంలో ఉన్నప్పుడు శాఖలన్నిటిలో కలిపి యాభైకి పైగా సెక్యూరిటీ గార్డులు ఒక ఏజెన్సీ ద్వారా పనిచేసేవారు. నెలనెలా ఏజెన్సీ బిల్లు నా బల్ల మీదికి వచ్చేది, సంతకం చేసేవాణ్ణి. తలకు ఇంత, పీఎఫ్ ఇంత, ఈఎస్ఐ ఇంత, అన్నీ సరిగ్గా ఉండేవి. ఒక రాత్రి ఆలస్యంగా బయటికి వస్తుంటే గేటు దగ్గర గార్డు, అరవై దగ్గరపడ్డ మనిషి, గొడుగు పట్టి కారు దాకా నడిపించాడు. మాటల్లో ఆయన చేతికి ఎంత వస్తున్నదో చెప్పాడు. బిల్లులో నేను సంతకం చేస్తున్నదానిలో మూడింట రెండు వంతులు కూడా లేదు. పీఎఫ్ నంబరు ఆయనకు తెలియదు.

అప్పట్లో అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం 21వ సెక్షను తీసి చదివాను. కూలి ఇచ్చేటప్పుడు అసలు యజమాని (ఇక్కడ మా బ్యాంకు) తరఫు మనిషి ఒకడు దగ్గరుండి, ఇంత ఇచ్చారని ధ్రువీకరించాలి. కాంట్రాక్టరు ఇవ్వకపోతే అసలు యజమానే ఇవ్వాలి. అన్నేళ్లుగా ఆ సంతకం ఎవరో పెడుతున్నారు, ఎవరూ దగ్గరుండటం లేదు. ఆ అరుగు మీద ప్రిన్సిపాల్ గారు చూడకుండా పెట్టిన సంతకాలు గుర్తొచ్చాయి. నావీ అవే.

ఏజెన్సీని పిలిపించాం, పై అధికారులతో కొంత మాట పడ్డాను. బకాయిలు మొత్తం కాదు, కొంత భాగమే ఇప్పించగలిగాను. ఆ తరువాత రిటైరయ్యేదాకా ప్రతి నెలా ఏడో తేదీన జీతాల రిజిస్టరు నా బల్ల మీదికి తెప్పించుకున్నాను. ఒక్కో పేరు ఎదురుగా ఆ మనిషి సంతకమో వేలిముద్రో ఉందా అని చూసి, వాళ్లలో ఇద్దరికి ఫోను చేసి ఎంత అందిందో అడిగి, అప్పుడు కింద నాది పెట్టేవాణ్ణి. ఒక్కో నెల అరగంట పట్టేది.